సిలువమ్మను గంగలో కలిపిన దొరసామి

మలాయిదేశపు రేవు బాగన్ దాతుక్ చుట్టుపక్కల దొరసామి దగ్గర కారు నేర్చుకోనివాడంటూ ఉంటే, వాడు ఇంకా తల్లి చంక దిగనివాడైనా అయ్యుండాలి, పడవ తప్ప ఇంకేదీ ఎక్కనని ఒట్టేసుకున్నవాడైనా అయ్యుండాలి. నలభై ఏళ్ళకు పైగా ఆయన కారులో ఎడమవైపు సీట్లోనే బతికాడు. నేర్చుకునేవాళ్ళకు కుడివైపు స్టీరింగు, ఆయనకు ఎడమవైపు కాలికింద సొంత బ్రేకు. ఆ బ్రేకు అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్ళిలో వంటవాడు సాంబారు బిందె పట్టుకుని వేగంగా వస్తున్నా ఆయన కుడికాలు తనంతట తానే నేలను తొక్కేది.

ఆయన్ను అందరూ 'చిక్‌గు' అనేవారు. మలాయిలో పంతులుగారన్న మాట. ఈ పంతులుగారికి తనదైన పద్ధతి ఒకటుంది. కారు నేర్చుకునేవాళ్ళకు చేతులు రాకపోవడం జబ్బు కాదు, భయం జబ్బు. భయానికి మందు కథ. స్టీరింగు పట్టుకున్నవాడు కథలో పడితే భుజాలు వదులవుతాయి, చేతులు వాటి పని అవి చేసుకుంటాయి. అందుకని ఇంజను మొదలవగానే కథ కూడా మొదలయ్యేది. మొసలి మీదెక్కి పెరాక్ నది దాటిన తాతగారు, ఒకే కొబ్బరికాయ పట్టుకుని గాలివానలో ఎగిరిపోయి సుమత్రాలో దిగిన కెరాణి, ఇలా. తోటల్లో గుమాస్తాను కెరాణి అంటారు. దొరసామి తండ్రి అలాంటి కెరాణే. కథలో కెరాణి కనిపిస్తే అది సొంత తండ్రేనని శిష్యులకు తెలుసు. ఎగిరాడా లేదా అని మాత్రం ఎవరూ అడగరు.

ఈ కథలన్నిటికీ గూడు సిలువ మూల.

పాత కొబ్బరితోట దారి వచ్చి పెద్దరోడ్డులో కలిసేచోట ఒక రాతి సిలువ ఉంది. దానివల్లే ఆ మలుపుకు ఆ పేరు. మనిషికి రెండింతల ఎత్తు. మూడు మెట్ల దిమ్మ, దిమ్మ మీద స్తంభం, స్తంభానికి రెండు పక్కలా రాతి పీటలు, పైన సిలువ, సిలువ మీద ఏసు. ఒక పీట మీద తల్లి మరియ నిలబడి ఉంటుంది. రెండో పీట మీద శిష్యుడు యోహాను ఉండాలి. జపానువాళ్ళ కాలంలో ఎలాగో పోయాడు. ఆ పీట మీద అప్పటినుంచీ నాచే నివాసం. ఏసు మోకాలి మీద కొబ్బరిమట్ట పడి ఒక పెచ్చు లేచిపోయింది. వానకూ ఉప్పుగాలికీ ముక్కు అరిగి బుగ్గల్లో కలిసిపోయింది.

అక్కడ ఇలాంటి రాయి ఎందుకుందంటే, ఫ్రాన్సు దేశానికి పడమటి కొసన బ్రిటనీ అనే సీమ ఉంది. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య, దారులు కలిసేచోటల్లా ఇలాంటి రాతి కల్వరి ఒకటి నిలబడి ఉంటుందట. ఆ సీమనుంచి యాన్ అనే పాదిరి ఈ తోటల్లోకి వచ్చాడు. దోమలు కుట్టినా, జ్వరాలు వచ్చినా ఓర్చుకున్నాడు కాని, దారి మలుపు తిరిగితే ఎదురుగా కల్వరి లేకపోవడం మాత్రం ఓర్చుకోలేకపోయాడు. అంతవరకు అందరూ ఒప్పుకుంటారు. రాయి ఎక్కడినుంచి వచ్చిందన్నదే తగువు. ఓడలో బ్రిటనీనుంచే వచ్చిందని దొరసామి కథ. ఓడ పెనాంగు దగ్గర మునిగితే మనుషులు మునిగారట, రాయి తేలిందట, కెరటాలు దాన్ని నది ముఖందాకా తోసుకొచ్చాయట. రాయి ఇపో కొండలదేననీ, సమాధిరాళ్ళు చెక్కే చీనా శిల్పి పాదిరి గీసిన బొమ్మ చూసి చెక్కాడనీ మేరి టీచరు మాట. తెల్లదొరసాని మొహం ఎలా ఉంటుందో ఆ శిల్పికి తెలియక తన తల్లి మొహమే చెక్కేశాడట. మరియ మొహం చూస్తే మేరి టీచరు మాటే నిజమనిపిస్తుంది. గుండ్రటి బుగ్గలు, సన్నటి కళ్ళు, పక్కింటి పిల్లవాడి అల్లరి చూసి నవ్వాలా కసరాలా అని ఆలోచిస్తున్న పెదవులు.

ఆమెను తోటపనికి వచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్ళు సిలువమ్మ అనేవారు. కొత్త బండి ఎవరు కొన్నా ముందు అక్కడికే తీసుకొచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, దిమ్మ పక్కన కొబ్బరికాయ కొట్టేవారు. చీనావాళ్ళు ఊదువత్తులు గుచ్చేవారు. మలాయి లారీడ్రైవర్లు ఒక్కసారి హారను కొట్టి సాగిపోయేవారు. శనివారం శనివారం మేరి టీచరు చీపురు పట్టుకొచ్చి, "ఇది కల్వరా, సంతా?" అని గొణుక్కుంటూ చిప్పలూ నిమ్మచెక్కలూ ఊడ్చేది. ఆ ఊరి చిన్న గుడికీ ఈ రాతికీ ఆమే కాపలా. అసలు పేరు ఆరోగ్యమేరి. తమిళ క్రైస్తవురాలు, కాని తెలుగు లైనుల్లో, అంటే తోట కూలీల ఇళ్ళ వరసల్లో, పుట్టి పెరిగింది కనుక తెలుగులో తిట్టడం బాగా వచ్చు. చిన్నప్పుడు ఆమె, దొరసామి ఒకే కాన్వెంటులో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆ రోజుల్లో చిన్న తరగతుల్లో మగపిల్లల్ని కూడా కాన్వెంటులో చేర్చుకునేవారు.

దొరసామికి ఆ మూల మీద ఇంకో మమకారం. ఆయన భార్య రత్నావతి ఒకప్పుడు ఆయన శిష్యురాలే. సిలువ ఎదురుగా ఆమె ఇంజను ఆగిపోయిందనీ, బతిమాలితే గాని కదలలేదనీ, ఆ బతిమాలడంలోనే పెళ్ళి కుదిరిపోయిందనీ ఆయన చెబుతాడు. "ఇంజను ఆగలేదు, ఈయనే బ్రేకు తొక్కినాడు," అని రత్నావతి అంటుంది. ఆమె అంతకుమించి ఎక్కువ మాట్లాడదు.

ఇక ఆ రోజు సంగతి.

మోహనప్రియ అని పసిపిల్లల బడిలో టీచరు. కారు ముందుకు నడపమంటే పువ్వులా నడుపుతుంది, వెనక్కి అంటే వణుకు. పరీక్షలో ప్రతిసారీ అక్కడే తప్పుతోంది. దొరసామి ఆమెను సిలువ మూలకు తీసుకెళ్ళాడు. దారి నోరు అక్కడ వెడల్పు, వెనక్కి తిప్పడం నేర్పడానికి అంతకంటే మంచి చోటు లేదు.

"చిక్‌గు, వెనకాల సిలువ ఉన్నాది కదా. తగిలితే?"

"తగిలితే మన కారు పోతాది గాని దానికేటవుతాదమ్మా? జపానోడు దాని మీదకి ట్యాంకు ఎక్కించినాడు. ఏటయింది? ట్యాంకుకే సొట్ట."

"నిజమేనా?" అంటూ మోహనప్రియ రివర్సు గేరు వేసింది. భుజాలు వదులయ్యాయి. మందు పనిచేస్తోంది.

"సొట్ట సూసి కేప్టెన్ దిగినాడు. సిలువమ్మ మొగం సూసినాడు. అచ్చం ఆడి అమ్మ మొగం! వెంటనే టోపీ తీసి, బూటుకి బూటు తాటించి..."

కేప్టెను బూట్లు ఎలా తాటించాడో చూపించడానికి దొరసామి రెండు కాళ్ళూ పైకెత్తాడు. నలభై ఏళ్ళుగా బ్రేకు మీద కాపలా కాసిన కుడికాలు ఆ ఒక్క క్షణం గాల్లో ఉంది. మోహనప్రియ కేప్టెన్ని చూస్తోంది, అద్దాన్ని కాదు.

చప్పుడు పెద్దగా కూడా కాలేదు. కారు వెనక చక్రం దిమ్మ మెట్టెక్కి, బంపరు స్తంభాన్ని తట్టింది, అంతే. ఇద్దరూ దిగి చూసేసరికి స్తంభం నిటారుగానే ఉంది. ఏసు సిలువ మీదే ఉన్నాడు. పీట మీద మాత్రం రెండు రాతి పాదాలు మిగిలాయి. మోచేతి పొడవు సిలువమ్మ గడ్డిలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తోంది. మొహానికి గీత కూడా పడలేదు.

"అలామాక్! నాను అమ్మోరిని సంపేసినాను!" అని మోహనప్రియ రోడ్డు మీదే ఏడుపు లంకించుకుంది.

"నువ్వు కాదమ్మా. బ్రేకు నా కాలికింద ఉన్నాది," అన్నాడు దొరసామి. ఆయన ఆ రోజు చెప్పిన మాటల్లో అలంకారం లేని మాట అదొక్కటే.

కారు తుడిచే తువ్వాలులో సిలువమ్మను చుట్టి ఇంటికి తెచ్చాడు. రత్నావతి గుమ్మంలోనే ఆపింది.

"లోపలికి తేవొద్దు. ఇరిగిన బొమ్మ గడప దాటకూడదు."

"మరి నడిరోడ్డున ఒగ్గేసి రానా?"

"ఒగ్గేయమని ఎవులన్నారు? తోటలో రాములోరి గుడిలో సీతమ్మ సెయ్యి ఇరిగినప్పుడు మా నాన్న ఏటి సేసినాడు? పొద్దుగూకకముందే గంగలో కలిపినాడు. ఇరిగిన దేవుడికి దండం పెట్టకూడదు, పారేయనూ కూడదు. నీల్లలోకి సాగనంపాల." అని, ఒక్క క్షణం ఆగి, "ముందు మేరి టీచరుకి ఫోను సెయ్యండి," అంది.

చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఇపోలో మేరి టీచరు కూతురికి ఆ రోజే కాన్పు. ఫోను ఏ సంచీ అడుగున ఉందో ఏమో. మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగింది. ఇక్కడ పొద్దు కొబ్బరిచెట్ల నడుము దాకా దిగింది.

రత్నావతి బట్టలుతికే బండ మీద సిలువమ్మను కూర్చోబెట్టి, తలంటినట్టు నీళ్ళు పోసి, పసుపు పట్టించింది. పిసినారితనం లేకుండా పట్టించింది. తన పట్టుచీర కొంగునుంచి పసుపుపచ్చటి పేలిక చించి నడుముకు కట్టింది. మూసేసిన పాత ఐసు కార్ఖానా వెనక ఒక కొయ్య జెట్టీ ఉంది. అక్కడికి వెళ్ళి కర్పూరం వెలిగించి, తాడు కట్టి మెల్లగా దించారు. రత్నావతి గోవింద నామం చెప్పింది. దొరసామి కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన మరియమ్మ జపం మొదటినుంచి చివరిదాకా తప్పు పోకుండా చెప్పాడు. ఎవరి అమ్మకు వాళ్ళ భాషలో చెప్పడమే మర్యాద అనిపించింది ఆయనకు. గోధుమరంగు నీళ్ళు ఒక్కసారి గుడగుడలాడి ఊరుకున్నాయి. ఇంటికి వచ్చి, చేయవలసింది చేశామన్న తృప్తితో కడుపునిండా తిన్నాడు.

తృప్తి కలిగిన దొరసామి నోరు ఆగే రకం కాదు. మర్నాడు కాఫీకొట్లో ఆయన చెప్పిన కథలో జెట్టీకి ఒక పడవ వచ్చి చేరింది. మధ్యాహ్నానికి పడవ నది ముఖం దాటింది. అడిగేవాళ్ళు ఎక్కువయ్యేకొద్దీ అది మలక్కా జలసంధిలోకి వెళ్ళింది, మేళం వచ్చింది, చివరికి డాల్ఫిన్లు వచ్చి సిలువమ్మను ముక్కుల మీద మోసుకుపోయాయి. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. దొరసామికీ కళ్ళు చెమ్మగిల్లాయి.

వారం తిరిగాక మేరి టీచరు ఇపోనుంచి వచ్చింది. మూలలో రెండు ఒంటరి పాదాలనూ, వాటి మీద ఎవరో పెట్టిన మల్లెపూలనూ చూసింది. మోటారు సైకిలు తిన్నగా దొరసామి వాకిట్లో ఆపి, హెల్మెట్టయినా తియ్యకుండా అడిగింది.

"డేయ్ దొరా, అమ్మ ఏదిరా?"

"కూకో టీచరమ్మా. మనవడా, మనవరాలా?"

"మనవరాలు. అమ్మ ఏది?"

"మర్యాదగా సాగనంపినాం. పసుపు, పట్టు, మేళం. పడవలో ఎల్లి నడి సముద్రంలో..."

మేరి టీచరు అరుగు మీద కూలబడింది. హెల్మెట్టు లోపలినుంచే మాట వచ్చింది. "ఐయో కడవులే! సముద్రంలో పారేసినావా?"

"పారేయడం కాదు. గంగలో కలిపినాం. ఇరిగిన బొమ్మని..."

"ఇరిగితే అతుకుతారురా! మా దేవుడికి సెయ్యి ఇరిగితే సిమెంటు పెడతాం, ముక్కు పోతే రంగేస్తాం. అతుకు పెట్టిన అమ్మంటే మాకు ఇంకా ముద్దు. నీకు తెలీదా? నాతోపాటే గదా సదివినావు! ఓహో, యోహానుని కూడా మీ తాతే గంగలో కలిపుంటాడు!"

రత్నావతి లోపలినుంచి టీ తెచ్చి పెట్టింది. మేరి టీచరు హెల్మెట్టు తీసింది. కోపం కూడా కొంచెం దానితోపాటే దిగింది. అసలు సంగతి అప్పుడు చెప్పింది. ఆమె ఇపోలో ఉండగానే ఎవరో పట్నం గుడి ఫాదరుకు ఫోటోలు పంపారు. యోహాను ఎప్పుడో పోయాడు, ఇప్పుడు తల్లి కూడా పోయింది, ఇంకో కారు వస్తే ఏసు కూడా పోతాడు. మిగిలినదాన్ని పెకలించి పట్నంలో గుడి ఆవరణలోకి తెచ్చేద్దాం అన్నాడాయన. మేరి టీచరు ఫోనులోనే వాదించింది. అతికించగలిగితే అక్కడే ఉంచుదాం, చుట్టూ ఇనుప కడ్డీలు పాతుదాం అంది. ఫాదరు ఒప్పుకున్నాడు. ఇపోనుంచి రాళ్ళ మేస్త్రి సోమవారం వస్తున్నాడు. అతికించడానికి అమ్మ ఉంటే అతికిస్తాడు. లేకపోతే అదే మేస్త్రి సిలువను విప్పి లారీ ఎక్కిస్తాడు.

దొరసామికి లారీ ఎక్కిన సిలువ కళ్ళముందు కనిపించింది. తర్వాత ఖాళీ మూల కనిపించింది. గడ్డి, కరెంటు స్తంభం, ఇంకేమీ లేవు. అక్కడ కారు ఆపి ఎవరికి ఏం చెబుతాడు? కొత్త బండ్లు ఎక్కడ ఆగుతాయి? యాన్ పాదిరి అంత దూరంనుంచి వచ్చి నిలబెట్టింది, జపానువాళ్ళు పోగొట్టలేనిది, తను రెండు కాళ్ళు పైకెత్తి పోగొట్టాడు.

"ఎక్కడ దించినావో సూపిస్తావా?" అంది మేరి టీచరు. "సమదుగారి పడవ అడుగుతాను. రేపు పొద్దున్న బాగా ఆటు. నీల్లు బాగా లాగేస్తాయి."

"సూపిస్తాను," అన్నాడు దొరసామి. అని రత్నావతివైపు చూశాడు. రత్నావతి ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే సమదు పడవ సిద్ధంగా ఉంది. సమదు నత్తగుల్లలు ఏరి బతికే మలాయి ముసలాయన, ఆయన కూడా దొరసామి శిష్యుడే, తెలుగు కూడా ఆ కారులోనే నేర్చుకున్నాడు. మేరి టీచరు గడ్డిటోపీ పెట్టుకుని, జపమాల చేతికి చుట్టుకుని, ఒడిలో సంచీ పెట్టుకుని కూర్చుంది. రత్నావతి పడవ ఎక్కలేదు.

"నాకక్కర్లేదు. నానిక్కడే ఉంటాను," అని టీ ఫ్లాస్కు పట్టుకుని పాత జెట్టీ మీదికి నడిచింది.

పడవ నది మధ్యకు వచ్చింది. "దొరే, ఎటు?" అన్నాడు సమదు.

దొరసామి చెయ్యెత్తి ముందుకు చూపించాడు. పడవ ముందుకు వెళ్ళింది. ఇంకాస్త అన్నాడు. నది ముఖందాకా వెళ్ళింది. కుడివైపు అన్నాడు. సమదు ఇనుపపళ్ళ గుల్లల వల దించి లాగాడు. గుల్లలు వచ్చాయి, ఒక రబ్బరు చెప్పు వచ్చింది. మళ్ళీ వేశాడు. బురద వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే పాత జెట్టీ అంచున రత్నావతి కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది, అగ్గిపుల్లంత కనిపిస్తోంది.

"ఇక్కడేనా?" అన్నాడు సమదు.

"ఇక్కడిక్కడే," అన్నాడు దొరసామి.

"దొరే, సముద్రంలో ఇక్కడిక్కడే అంటే ఇండోనేసియాదాకా వస్తాది లా," అన్నాడు సమదు, మాట చివర మలాయి 'లా' తగిలిస్తూ నీటివైపు చూసి. "ఇంకాసేపట్లో పోటు తిరుగుతాది. తిరిగితే ఇవేళ్టికి అంతే."

మేరి టీచరు తిట్టి ఉంటే దొరసామి ఇంకో కథ అల్లి ఉండేవాడు. ఆమె సంచీ తెరిచి మడత విప్పని కొత్త తువ్వాలు తీసి, ఒళ్ళో పరిచి సరిచేసుకుంది. మనవరాలికోసం కొన్నవాటిలో ఒకటి. అంచున బాతుపిల్లల బొమ్మలున్నాయి. అమ్మ దొరికితే తుడవడానికి తెచ్చింది. దొరుకుతుందని నమ్మి తెచ్చింది.

దొరసామి ఆ బాతుపిల్లల్ని చూశాడు.

"టీచరమ్మా."

"ఏటి?"

"పడవ లేదు."

"ఇందులోనే కూకున్నాం గదరా."

"ఇవాళ ఉన్నాది. ఆ రోజు లేదు. నానూ రత్నం జెట్టీ మీదనుంచే దించినాం. ఐసు కార్ఖానా ఎనక."

"మేళం?" అంది మేరి టీచరు.

"లేదు."

"డాల్ఫిన్లు?"

"డాల్ఫిన్లు కూడా లేవు."

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు టీచరమ్మా," అన్నాడు దొరసామి, డాల్ఫిన్లను తనే పెంచి పోగొట్టుకున్నవాడిలా.

సమదు నవ్వుకు పడవ ఊగింది. ఊగుతూనే వెనక్కి తిరిగింది. వెళ్ళినప్పటికంటే రెట్టింపు వేగంతో జెట్టీ చేరింది. రత్నావతి కూర్చున్నచోటే కూర్చుని, కాలి బొటనవేలితో తిన్నగా కిందికి చూపించింది.

"ఇక్కడే."

"నీకు తెలిసుండి ముందే సెప్పొచ్చుగా?" అంది మేరి టీచరు.

"ఆయన సెప్పాల్సింది నానెందుకు సెప్పాల?"

నీళ్ళు పూర్తిగా లాగేశాయి. జెట్టీ కింద నల్లటి బురద మెరుస్తోంది. సమదు గుల్లలు ఏరేవాళ్ళ చెక్క తీశాడు. ఒక మోకాలు దాని మీద ఆనించి, రెండో కాలితో బురదను తన్నుకుంటూ జారుతూ వెళ్ళే పలక అది. దొరసామికి పలక లేదు, ఆగే ఓపికా లేదు. ప్యాంటుతోనే దిగాడు. రెండడుగులు వేసేసరికి తొడలదాకా దిగబడ్డాడు.

"దొరే, గేరు మార్చు!" అని సమదు అరిచాడు.

"నోరు ముయ్ లా! నీకు లైసెన్సు ఇప్పించింది ఎవులు?"

నీళ్ళు మెల్లగా వెనక్కి రావడం మొదలుపెట్టాయి. సమదు కొయ్యస్తంభాల మధ్య కర్రతో పొడుచుకుంటూ వచ్చాడు. మెత్తన, మెత్తన, మెత్తన. దొరసామి ఉన్నచోటనుంచి కదలలేక చుట్టూ చేతులతోనే తడిమాడు. చీమలంత పీతలు వేళ్ళను గిల్లి పారిపోయాయి. పోటు నీళ్ళు ఆయన నడుము చుట్టూ నురగ కట్టాయి. ఆ నీళ్ళ కదలికకే బురదలో ఒకచోట పసుపుపచ్చటి పేలిక కొస తేలింది, పురుగులా మెలిక తిరిగింది.

"రత్నం! నీ పట్టుచీర!"

సమదు పలక మీద పడుకుని ఒకవైపు, దొరసామి మరోవైపు పట్టి లాగారు. బురద పెద్ద ముద్దు పెట్టినంత చప్పుడు చేసి వదిలింది. జెట్టీ మీదనుంచి మేరి టీచరు మోకాళ్ళ మీద వంగి రెండు చేతులూ చాపింది. బాతుపిల్లల తువ్వాలుతో మొహం తుడిచింది. ముందు బుగ్గలు వచ్చాయి, తర్వాత సన్నటి కళ్ళు.

"వచ్చినావా తల్లీ," అంది మేరి టీచరు. అని ఏడ్చింది. ఏడుస్తూనే, "ఏటిది, ఒల్లంతా పచ్చగా?" అంది.

"పసుపు," అంది రత్నావతి.

"కడిగితే పోదా?"

"మంచి పసుపు," అంది రత్నావతి.

పోలేదు. సబ్బుకూ పోలేదు, నిమ్మకాయకూ పోలేదు. సోమవారం వచ్చిన చీనా మేస్త్రి ఆమెను అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత పాత రాయి రంధ్రాల్లోకి దిగిన రంగు ఇక పోదనీ, గీకితే మొహం పోతుందనీ చెప్పాడు. మొహం పోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. చూడ్డానికి వచ్చిన ఫాదరు చాలాసేపు తలెత్తి చూసి, పెళ్ళికూతురిలా ఉంది, ఉండనివ్వండి అన్నాడు. ఎవరి పెళ్ళికూతురో అడగలేదు. లారీ ఖాళీగా ఇపో వెళ్ళిపోయింది.

మేస్త్రి పాదాల్లో ఒక బెజ్జం, అమ్మలో ఒక బెజ్జం తొలిచి, తుప్పు పట్టని ఉక్కు చీల దించి, జిగురు పూశాడు. జిగురు గట్టిపడేదాకా ఎవరో ఒకరు కదలకుండా పట్టుకోవాలన్నాడు. ఎవరు పట్టుకోవాలో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దొరసామి దిమ్మ ఎక్కి, రెండు చేతులతో సిలువమ్మ నడుము పట్టుకుని నిలబడ్డాడు.

వార్త అప్పటికే పాకింది. కాఫీకొట్టునుంచి జనం వచ్చారు. మోహనప్రియ బడి వదిలాక వచ్చి, దూరంగా నిలబడి, అమ్మ నిలబడిందని చూసుకుని దగ్గరికి వచ్చింది. లారీలు ఆగాయి.

"దొరసామిగారూ, ఎలా దొరికినాది? డాల్ఫిన్లే తెచ్చినాయా?" అన్నారెవరో.

దొరసామి నోరు తెరిచాడు. తుఫానుంది, తిమింగలం ఉంది, నోట్లోనే ఉన్నాయి. కాని ఆయనకు కథ నోటినుంచి రాదు, చేతులనుంచి వస్తుంది. చేతులు రెండూ అమ్మ నడుము మీద ఉన్నాయి. వేలు కదిపితే మేస్త్రి "జంగన్!" అని కసురుతున్నాడు, కదలొద్దని.

"జెట్టీ కింద దించినాం," అన్నాడు. "అక్కడే తీసినాం."

జనం ఇంకా ఏదో ఉందేమోనని ఆగారు. లేదు. "అంతేనా?" అన్నాడు ఒక లారీడ్రైవరు, టిక్కెట్టు డబ్బులు పోయినట్టు.

"అంతే," అన్నాడు దొరసామి. చెంప దగ్గర సిలువమ్మ చెంప చల్లగా ఉంది. ఆమె పెదవుల్ని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చేతులు పీకుతున్నాయి. హాయిగా ఉంది.

రత్నావతి టీ గ్లాసు పట్టుకుని దిమ్మ మెట్లెక్కి, ఆయన నోటికి అందించింది.

"కదలకండి," అంది. "నాను పట్టుకుంటాను, మీరు తాగండి."